ఘోషా కారుకు గాలిరేకులు

నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు వైపు పోయే రోడ్డు మీద, ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట, ఒకప్పుడు రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అందులో కూర్చుని పనిచేసే మనిషి పేరు సమాధానం. పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. ఏ రేకు చేతికిచ్చినా ముందు దాన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఆ తర్వాతే పని సంగతి ఎత్తేవాడు.

"ఏందన్నా, అది నీతో ఏమన్నా చెప్తా ఉందా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "చెప్తాది. నీ మాదిరి అబద్ధాలు చెప్పదు," అనేవాడు.

అరవైలలో కొన్నేళ్లపాటు ఆ షెడ్డు ముందు తెరలు కట్టిన కార్లు ఆగుతుండేవి. పెద్ద కుటుంబాల ఆడవాళ్లు ఇంకా ఘోషా పాటిస్తున్న రోజులవి. కారులో ఎక్కినా వాళ్ల నీడ కూడా బయటివాళ్లకు కనపడకూడదు. అట్లాంటి కార్ల పక్కలు కోసి, చూపు పడకుండా గాలి మాత్రం పోయేటట్టు రేకులు బిగించడంలో సమాధానానికి పేరుండేది. కావలి నుంచి, గూడూరు నుంచి కూడా వచ్చి పెట్టించుకుపోయేవాళ్లు. అయితే ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. మొదట వచ్చిన కారును పాడుచేసి నేర్చుకున్నాడు.

అంతకు ముందు అతని బతుకంతా బిట్రగుంటలోనే గడిచింది. రైలు పెట్టెలు బాగుచేసే చోట రేకుపని. పెట్టె గోడకు తుప్పు పడితే ఆ ముక్క కోసి కొత్తది వేయడం, పైకప్పు కారితే అతుకు వేయడం, కిటికీలకు వాన ఆపే పలకలు బిగించడం. చేరిన రోజు నుంచి దిగిపోయే రోజు దాకా అదే. ఉద్యోగం అయిపోయి రైల్వే ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు అతని భార్య రెబెక్కమ్మ ఒకటే మాట అన్నది.

"ఇన్నాళ్లూ నీ ఉజ్జోగం యాడుంటే ఆడ ఉన్నా. ఇప్పుడు మా అమ్మ యాడుంటే ఆడ ఉందాం."

ఆమె తల్లి నెల్లూరులో, చర్చి వెనక పేటలో ఉండేది. అలా వాళ్లు నెల్లూరు చేరారు. సమాధానం బక్కెట్లకు అడుగులు వేస్తూ, ట్రంకు పెట్టెల మూతలు సరిచేస్తూ, అప్పుడప్పుడూ బస్సు మడ్గార్డు సొట్ట తీస్తూ కాలం గడిపేవాడు. బస్సులంటే అతనికి ఇష్టమే. నిటారు గోడలు, రైలు పెట్టెకు చుట్టాలు. కార్లంటేనే జంకు. కారు రేకు ఎటు చూసినా వంపే, చెయ్యి పెడితే చేప వీపు మాదిరి జారుతుందనేవాడు.

అట్లా ఉండగా ఒక ఎండాకాలం పొద్దున పద్మనాభయ్య కారు వచ్చి ఆగింది. ఆయన నెల్లూరుకు పడమట ఒక పల్లెలో పెద్ద రైతు. నెమ్మదస్తుడు. కారు నల్లది, దొరల కాలం నాటిది. దానికి గుండ్రటి వీపు. వెనక కిటికీలకు ముదురు ఎరుపు తెరలు. డ్రైవరు హజరత్తయ్య ముందే దిగి, తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"సమాధానం, నీ పేరు బస్సుల వాళ్లు చెప్పినారయ్యా," అన్నాడు పద్మనాభయ్య. "ఈ కారుకు గాలి కావాల."

సమాధానం టైర్ల వైపు చూశాడు. "గాలి కొట్టేది సైకిలంగడి కాడ గదయ్యా."

"టైర్లకు కాదన్నా," అన్నాడు హజరత్తయ్య నవ్వు మింగుతూ. "అమ్మగారికి."

సంగతి ఇది. పద్మనాభయ్య భార్య వెంకటశేషమ్మ పుట్టిల్లు తోటపల్లి గూడూరు. అక్కడ ఆమె తల్లి ఒక్కతే మిగిలి ఉంది. చూపు మందగించింది, మనిషి కదల్లేదు. ఇదివరకు వెంకటశేషమ్మ గూడుబండిలో పోయి వచ్చేది. దూరాభారమైనా బండి గూడు ఈతచాపది. చాప సందుల్లోంచి ఇంత గాలి, ఇంత వెలుతురు వచ్చేవి. కారు వచ్చింది, బండి మూలబడింది, ఎద్దులు పొలానికి పోయాయి. కారు అద్దం దించితే తెర ఎగురుతుంది. తెర ఎగిరితే ఇంక ఘోషా ఎక్కడిది? అందుకని అద్దాలు బిగించేశారు. డ్రైవరు మగవాడు కాబట్టి ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ దుప్పటంత మందం గుడ్డ కట్టారు. ఎండకు రేకు కాగితే ఆ లోపల కూర్చోవడం మూత పెట్టిన కుండలో కూర్చోవడమే.

పోయిన తడవ సగం దారిలోనే ఆమె స్పృహ తప్పింది. కారు ఆపి తాటిచెట్ల కింద పడుకోబెడితే, పక్క పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి, చీర కొంగులు పట్టుకుని చుట్టూ గోడకట్టినట్టు నిలబడ్డారట. ఆ కొంగుల నడుమ ఆమెకు తెలివి వచ్చింది. అక్కడి నుంచి వెనక్కు తిప్పేశారు. తల్లిని చూడలేదు.

"ఆ పొద్దు నా పై ప్రాణాలు పైనే పోయినాయి," అన్నాడు పద్మనాభయ్య గొంతు తగ్గించి. "ఈ తడవ కూడా అట్టయితే ఇంక పంపించను సమాధానం. వాళ్లమ్మ మొకం చూసేదానికి పోయి ఈమె మొకం మనకు లేకుండా పోతే ఎట్టా?"

సమాధానం కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. గోటితో రేకును మీటాడు. కోస్తే మళ్లీ అతకదు. అతికినా మచ్చ పోదు. రైలు పెట్టెలు వందలుంటాయి, ఒకదానికి మచ్చ పడితే ఎవరూ పట్టించుకోరు. ఇది ఒక ఇంటికి ఒక్కటే కారు.

"నావల్ల అయ్యేపని మాదిరి లేదయ్యా," అన్నాడు.

తెర వెనక నుంచి మెల్లగా ఒక గొంతు వినబడింది. "పెంచలమ్మా, ఎందుకు కాదో అడుగు."

పెంచలమ్మ వాళ్లింట్లో పనిచేసే మనిషి. కారు తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. సమాధానానికీ ఆ తలుపుకూ నడుమ చేతికర్రంత దూరం కూడా లేదు. అయినా ఆమె పొలానికి అవతలున్న వాణ్ణి పిలిచినట్టు అరిచింది.

"మేస్త్రన్నా! ఎందుకు కాదు అంటన్నారు అమ్మగారు!"

"కారు రేకు కోసిన చెయ్యి కాదమ్మా నాది, అని చెప్పు."

"కారు రేకు కోసిన చెయ్యి కాదంటమ్మా!"

"వినబడిందిలేవే," అన్నది లోపలి గొంతు. "మరి యాడ కోసినాడో అడుగు."

ఈ మాటలు ఇలా నడుస్తుండగా రెబెక్కమ్మ ఇంట్లోంచి మజ్జిగ తెచ్చింది. ఆడమనిషి కాబట్టి ఆమెకు అడ్డు లేదు. తెర ఎత్తి లోపలికి పోయి కూర్చుంది. చాలాసేపు రాలేదు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఏమో, బయటికొచ్చేసరికి రవిక తడిసి వీపుకు అంటుకుంది, కళ్లు ఎర్రబడ్డాయి. ఖాళీ గ్లాసు భర్త చేతిలో పెట్టి, అందరికీ వినబడేటట్టే అన్నది.

"కొయ్యి."

"అదేందే, చూడకుండా చెయ్యకుండా..."

"అమ్మ కండ్లు పూర్తిగా పోకముందు ఒకసారి ఆమెకు కనపడాలంట. కొయ్యవయ్యా."

కోశాడు. పద్మనాభయ్య, వెంకటశేషమ్మ ఊళ్లో బంధువులింట్లో దిగారు. కారు షెడ్డులో ఉండిపోయింది. వెనక తలుపుకూ వెనక మడ్గార్డుకూ నడుమ, అటొక జానెడు ఇటొక జానెడు చోటు సుద్దతో గీసుకున్నాడు. గీత పొడుగునా చేతి డ్రిల్లుతో చిన్న చిన్న బెజ్జాలు వేసి, బెజ్జానికీ బెజ్జానికీ నడుమ ఉలి పెట్టాడు. మొదటి దెబ్బ పడేటప్పుడు పద్మనాభయ్య రోడ్డు మీద పోయే బస్సు వైపు తిరిగి నిలబడ్డాడు. హజరత్తయ్య మాత్రం పక్కనే నిలబడి, తన చెయ్యి కోస్తున్నట్టు పళ్లు కొరుక్కున్నాడు.

"మెల్లిగన్నా, మెల్లిగ. దానికి నొప్పి పుట్టదూ?"

"పుడితే అరుస్తాదిలే. నువ్వు అరవబాక."

కోసిన అంచులు ఆకురాయితో నున్నగా చేశాడు. వేరే రేకు తీసుకుని, వరసగా గంట్లు పెట్టి, కొయ్య అచ్చు మీద కొయ్య సుత్తితో తట్టి ఒక్కొక్క గంటును పైకి లేపాడు. చేప మొప్పలు తెరుచుకున్నట్టు లేచాయి. అడ్డంగా, వరసగా, నోళ్లు నేల వైపుకు. రైలు పెట్టెలకు ఇన్నాళ్లూ ఎట్లా పెట్టాడో, అట్లాగే. బయటివాడు వంగి చూసినా లోపల ఏమీ కనపడదు. వాన చుక్క పోదు. ఆ రేకును కోసిన చోట స్క్రూలతో బిగించి, నల్లరంగు వేసేసరికి కారుతో పాటే పుట్టినట్టుంది. సమాధానం రెండడుగులు వెనక్కు వేసి చూసుకుని, చాలా రోజుల తర్వాత ఈల వేశాడు.

మర్నాడు పొద్దున ప్రయాణమై పోయిన కారు, ఎండెక్కకముందే తిరిగి వచ్చింది.

హజరత్తయ్య ముఖం చూడగానే సమాధానానికి అర్థమైంది. పెంచలమ్మ దిగింది. నెత్తి నుంచి కాళ్ల దాకా దుమ్ము. బూడిద కుప్పలో పొర్లిన కోడి మాదిరి ఉంది. తెర వెనక ఆగకుండా దగ్గు. పద్మనాభయ్య ముందు సీట్లోంచి దిగి, కోపం తెచ్చుకోవాలని చూసి, రాక, అరుగు మీద కూలబడ్డాడు.

"ఇంక వద్దులే సమాధానం. నీ తప్పేం లేదు. దానికి రాసిపెట్టలేదు. ఆ బొక్కలు మూసెయ్యి, ఇంటికి పోతాం."

రెబెక్కమ్మ నీళ్ల చెంబుతో కారులోకి పోయింది. దగ్గు తగ్గింది. కాసేపటికి తెర వెనక నుంచి మాట వచ్చింది, సన్నగా, నిదానంగా.

"పెంచలమ్మా, మేస్త్రికి చెప్పు. గాలి రేకు దాకా వస్తా ఉండాది. పక్కన రాసుకుంటా పోతా ఉండాది. లోపలికి రావడంలా. టైరు లేపిన దుమ్ము మాత్రం కింద నుంచి లోపలికి ఎగజిమ్ముతా ఉండాది."

పెంచలమ్మ నోరు తెరిచింది, దుమ్ముకు గొంతు పెగల్లేదు. పర్లేదన్నట్టు సమాధానం చెయ్యి ఊపాడు. అంతా విన్నాడు.

"ఇంకొకటి. రెండు బొక్కలూ ఒకే తీరుగా ఉండాయి. వచ్చే గాలి ఏదో పోయే గాలి ఏదో దానికే తెలవడంలా. అని చెప్పు. ఇంకొక్కసారి చెయ్యమని చెప్పు."

"శేషూ," అన్నాడు పద్మనాభయ్య అరుగు మీది నుంచే. పరాయివాళ్ల ముందు భార్యను పేరు పెట్టి పిలవడం ఆయనకు అలవాటు లేదు.

"ఇంకొక్కసారి," అన్నది లోపలి గొంతు. "కాకపోతే మీరు చెప్పినట్టే. ఇంక అడగను."

పద్మనాభయ్య లేచి, కారు తాళాలు హజరత్తయ్య చేతిలోనే ఉంచి, భార్యను బంధువులింటికి పంపడానికి గూడు రిక్షా పిలవమన్నాడు. అది ఒప్పుకోవడమే.

ఆ రోజంతా సమాధానం పని ముట్టలేదు. కారు వెనక చతికిలబడి ఆ రేకుల్ని చూస్తూ కూర్చున్నాడు. రెబెక్కమ్మ అన్నం పెట్టి, పక్కన కూర్చుని, "ఆ లోపల ఎట్టుంటాదో నీకు తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాడు. "మరి తెలియకుండా ఎట్టా చేస్తావు?" అన్నది.

మర్నాడు పొద్దెక్కిన తర్వాత, బాగా ఎండ చూసి, సమాధానం వెనక సీట్లో ఎక్కాడు. తెరలన్నీ దించుకున్నాడు. నడిమి గుడ్డ కట్టేశాడు. హజరత్తయ్యకు ఇంతకంటే వేడుక ఏముంటుంది?

"అమ్మగారు బాగా కూర్చున్నారా? బయల్దేరమంటారా?"

"నోరు మూసుకుని పోనియ్యి."

"అమ్మగారికి కోపం వచ్చినట్టుండాది."

కారు కదిలింది. రెబెక్కమ్మ కుట్టుపెట్టెలోంచి తెచ్చుకున్న దారప్పోగు ఒకటి సమాధానం చేతిలో ఉంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని రేకు సందుల దగ్గర పెట్టాడు. కారు వేగం అందుకుంటున్నా దారం ఊగలేదు. కిందికి వేలాడుతూనే ఉంది. బయట మాత్రం గాలి రేకును గీరుకుంటూ పోయే చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. కాసేపటికి మట్టిరోడ్డు వచ్చింది. కింది నుంచి దుమ్ము పొగ మాదిరి లేచి ముఖాన కొట్టింది. కళ్లు మూసుకున్నాడు. ఆ ఎర్ర చీకట్లో చెమట కణతల మీది నుంచి మెడలోకి, మెడ నుంచి వీపు మీదికి కారడం మొదలైంది.

తెర సందులోంచి ఒక్కసారి బయటికి చూశాడు. ఎదురుగా సైకిలు మీద వస్తున్న ముసలి రైతు దిగి, సైకిలు పక్కకు తీసుకుని, పొలం వైపు ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. పద్మనాభయ్య గారి ఘోషా కారు పోతోందని మర్యాద. సమాధానానికి బిట్రగుంటలో కూడా ఎవరూ అంత మర్యాద చేయలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఊపిరి అందక ఆగిపోయింది.

అప్పుడే కారు ఆగింది. దారిలో టీ అంగడి. హజరత్తయ్య దిగాడు.

సమాధానం తలుపు పిడి మీద చెయ్యి వేసి, అట్లాగే ఆగిపోయాడు. బయట బెంచీల మీద మనుషులు ఉన్నారు. మాటలు వినబడుతున్నాయి. మీసాలున్న మగవాడు పద్మనాభయ్య గారి ఘోషా కారులోంచి, తెర ఎత్తుకుని దిగితే ఇంకేమన్నా ఉందా? సాయంత్రానికి ఆ మాట వాళ్ల పల్లె దాకా పోతుంది. కేకేద్దామంటే గొంతు మగగొంతు. దగ్గొస్తే మింగాడు.

"అమ్మగారు ఉండారా లోపల?" అన్నాడు అంగడివాడు గొంతు తగ్గించి.

"ఉండారు," అన్నాడు హజరత్తయ్య. ఆ ఒక్క మాటలో అతని సంబరమంతా ఉంది.

"పాపం, ఇంత ఎండలో. ఈ సోడా ఇచ్చి రా."

"నేను ఇయ్యకూడదులేన్నా. ఆ అడుగు పలక మీద పెట్టు. తీసుకుంటే తీసుకుంటారు."

సోడా బుడ్డి తలుపు కింద పలక మీద టక్కుమని ఆగిన చప్పుడు సమాధానం విన్నాడు. తెర కింది నుంచి వంగి చూస్తే కనబడుతోంది కూడా. పచ్చటి సీసా, చుట్టూ నీటి చుక్కలు. తలుపు ఓరగా తీసి, తెర కిందుగా చెయ్యి చాపితే అందుతుంది. తన చెయ్యి చూసుకున్నాడు. మసి పట్టిన గోళ్లు, కాలిన మచ్చలు, వెంట్రుకలు. వెనక్కి తీసుకున్నాడు. ఆగిన కారులో వేడి నెత్తి మీద కూర్చుంది. నాలుక అంగిట్లో అతుక్కుంది. హజరత్తయ్య రెండో టీ చెప్పుకున్నాడు.

ఆమె ఈ కారులో ఎన్ని తడవలు ఇలా కూర్చుని ఉంటుంది? దాహమైతే ఎవరితో చెప్పుకుంటుంది? పెంచలమ్మకు చెప్పాలి, పెంచలమ్మ డ్రైవరుకు చెప్పాలి, డ్రైవరు నీడ చూసి ఆపాలి. ఇంత కష్టం పడి కూడా, దగ్గుతూ కూడా, ఇంకొక్కసారి అన్నదే. తన అమ్మను చూడాలని ఒక మనిషి ఇంత అడగాలా? కళ్ల వెంట కారింది చెమటో మరేమిటో అతనికే తెలియదు.

కారు మళ్లీ కదిలి, ఊరు దాటి, సరుగుడు తోట పక్కన ఆగిన తర్వాత సమాధానం దాదాపు కింద పడుతూ దిగాడు. హజరత్తయ్య సోడా అందించాడు. ఎగతాళి చేయబోయి, అతని ముఖం చూసి మానుకున్నాడు.

"అన్నా, నీళ్లు కూడా ఉండాయి. నెత్తిన పోసుకో."

సమాధానం సోడా తాగి, చెట్టుకు ఆనుకుని, దూరంగా తిరుగుతున్న గాలిమర వైపు, కదిలే పైరు వైపు, ఆ తర్వాత కారు వైపు చూశాడు. కారు ముక్కు తూర్పుకు ఉంది.

"హజరత్తయ్యా, దీనికి మొకం ఉండాది," అన్నాడు.

"ఎండ దెబ్బ కొట్టినట్టుండాదే నీకు."

"అది కాదబ్బా. రైలు పెట్టెకు మొకం ఉండదు. ఇంజిను ఎటు తగిలిస్తే అటే ముందు. పొద్దున మద్రాసుకు పోయిన పెట్టె మాపటికి బెజవాడకు పోతాది, తిప్పకుండానే. అందుకని మేము రేకు నోరు ముందుకూ పెట్టం, వెనక్కూ పెట్టం. కిందికి పెడతాం, వాన కోసరం. నా బతుకంతా వాన కోసరమే రేకు వంచినా, గాలి కోసరం ఒక్కటీ వంచలా. కారు ఎప్పుడూ ముందుకే గదా పోయేది."

హజరత్తయ్య, "వెనక్కు కూడా పోతాది. నేను బాగా పోనిస్తా," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

తిరుగు దారిలో సమాధానం ముందు సీట్లో, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టుకుని కూర్చున్నాడు. అరచెయ్యి ముందుకు తిప్పితే గాలి చెయ్యిని వెనక్కు నెడుతోంది. దొప్పగా చేసి వెనక్కు తిప్పితే, చేతి గుంటలోంచి ఏదో లాగేసుకుంటున్నట్టుంది. షెడ్డు చేరేదాకా అదే పని. మధ్యలో పశువులు కాసే ఒకడు, ఎవరికో వీడ్కోలు చెప్తున్నాడనుకుని తిరిగి చెయ్యి ఊపాడు.

ఈసారి కోయడానికి జంకలేదు. వెనక తలుపుల అద్దాలు ఎటూ దించేవి కావు కాబట్టి అద్దం తిప్పే సరంజామా ఊడదీసి పక్కన భద్రంగా కట్టిపెట్టాడు. ఆ చోట, తలుపు పైభాగంలో, దుమ్ము అందనంత ఎత్తులో కొత్త రేకులు. గంట్లు ఈసారి నిలువు, నోళ్లు కారు ముక్కు వైపుకు. తలుపు వెనక పాత బొక్కల్లోంచి అడ్డం గంట్ల రేకులు ఊడదీసి, నిలువు గంట్లవే వేశాడు, నోళ్లు వెనక్కు. ముందువి గాలి తెచ్చేవి, వెనకవి తీసుకుపోయేవి. ముందు రేకులకు లోపలి పక్క రెబెక్కమ్మ దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి కుట్టిపెట్టింది. ఆ తర్వాత తనే లోపల కూర్చుని, హజరత్తయ్య చేత ఏటి గట్టు దాకా పోనిచ్చి వచ్చింది.

"ఎట్టుంది?" అన్నాడు సమాధానం.

"దారం ఎగిరిపోయింది," అన్నది. "చేతిలోంచి. యాడ పడిందో కనపడలా."

పద్మనాభయ్య వచ్చి కారును చూశాడు. తలుపు రేకు మీద అరచెయ్యి పెట్టి నిమిరి, "ఎండెక్కకముందే పోతాం. పొద్దుగూకేలోగా వచ్చేస్తాం. ఆడ నిలవం," అన్నాడు.

పోయారు.

సమాధానం ఆ రోజు ఒక బక్కెట్టు అడుగు ముందేసుకుని కూర్చున్నాడు. కొట్టిన చోటే కొట్టాడు. ఎండెక్కేకొద్దీ రోడ్డు వైపు చూశాడు. కారు తిరిగి రాకపోతే పోయి చేరినట్టు, అది మంచిదే అనుకున్నాడు. పొద్దు వాలింది. ఎడ్లబండ్లు పోయాయి, తూర్పు నుంచి ఆఖరి బస్సు వచ్చింది. కారు రాలేదు. పొద్దుగూకేలోగా వచ్చేస్తాం అన్నారే. అయితే రాలేని పనేదో పడింది. తాటిచెట్ల కింద ఆమె, చుట్టూ కొంగులు పట్టుకున్న ఆడవాళ్లు కళ్ల ముందు కదిలారు. ఆ పొద్దు అయితే దగ్గర్లో కలుపు తీసేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు పొలాల్లో ఎవరున్నారు?

రెబెక్కమ్మ అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ప్రార్థనలో ఆమె వెంకటశేషమ్మ పేరు గట్టిగా పలికింది. అతను కళ్లు మూసుకుని, ఆ పేరు దగ్గరే ఆగిపోయి, మిగతా ప్రార్థన వినలేదు. తెల్లవారింది. మధ్యాహ్నం కూడా దాటింది. సైకిలు తీసి ఆ రోడ్డున తనే పోదామని చొక్కా వేసుకుంటుండగా హారను వినిపించింది.

కారు షెడ్డు ముందు ఆగింది. హజరత్తయ్య నీళ్ల డబ్బాతో దిగి, కుళాయి వైపు పోతూ, సమాధానం వైపు చూసి కన్ను గీటాడు. పద్మనాభయ్య దిగలేదు. ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నాడు. పక్కన పెంచలమ్మ, ఒళ్లో గుమ్మడికాయ, కాళ్ల దగ్గర మూటలు. వెనక పెంచలమ్మకు చోటు లేకుండా పోయినట్టుంది.

"అయ్యా, అమ్మగారు..." అన్నాడు సమాధానం.

"నిన్న రానియ్యలేదయ్యా, ఆ ముసలామె," అన్నాడు పద్మనాభయ్య. అలసటా నవ్వూ కలిసిపోయి ఉన్నాయి ఆయన ముఖంలో. "కూతురు మొకం చేత్తో తడిమింది తడిమినట్టే ఉండాది. విడవదే! ఈ పొద్దు బయల్దేరతామంటే..."

ఆయన మాట పూర్తి కాకముందే వెనక నుంచి ఒక ముసలి గొంతు, ఎవరి ద్వారానూ కాకుండా నేరుగా, ఖంగుమని పలికింది.

"మేస్త్రి ఎవరు నాయనా? నువ్వేనా?"

సమాధానం చేతులు కట్టుకుని నేల చూశాడు. "నేనేనమ్మా."

"నేను నా కూతురు ఇంటికి పోయి ఎన్నేళ్లయ్యిందో నాకే తెలవదు. ఈ కారులో ఊపిరాడక చస్తానని భయం. శేషు చెప్పింది, రామ్మా, బండిలో కూర్చున్నట్టే ఉంటాదని. నిజమే నాయనా. బండి మాదిరే ఉండాది."

"అమ్మా, మెల్లిగా మాట్లాడు. రోడ్డు," అన్నది లోపల వెంకటశేషమ్మ.

"నేను మాట్లాడితే ఎవరేం చేస్తారే? నా ఈడు వాళ్లకు ఘోషా ఏంది? నువ్వు తెర పట్టుకుని కూర్చో."

లోపల ఇద్దరూ నవ్వారు. కూతురి నవ్వు ఏదో, తల్లి నవ్వు ఏదో పోల్చుకోలేనంతగా కలిసిపోయి ఉన్నాయి. సమాధానం పక్కకు జరిగి నిలబడ్డాడు. హజరత్తయ్య రేడియేటరులో నీళ్లు పోసి, ఎక్కి, కారు కదిల్చాడు. నల్లటి గుండ్రటి వీపు మెల్లగా అతని పక్క నుంచి సాగింది. తలుపు వెనక రేకులు అతని ముఖానికి ఎదురుగా రాగానే, వాటి సందుల్లోంచి గాలి చల్లగా వచ్చి తగిలింది. దాంతో పాటు గుప్పుమని వాసన. ఇసకదిబ్బల మీద పూసే మొగలిపూల వాసన, గాఢంగా, తీయగా. రోడ్డు మలుపు దాకా కారు వెనకే ఆ వాసన గీత గీసినట్టు పోయింది.

రెబెక్కమ్మ తడిచేతులు తుడుచుకుంటూ పరుగున బయటికి వచ్చింది. "అయ్యో, పోయినారా? ఏమయ్యా, ఎట్టుండాది ఆమె?"

"బాగుండాది. వాళ్లమ్మ కూడా ఉండాది. పుట్టింటి నుంచి మొగలిపూలు తీసుకపోతా ఉండారు."

"నువ్వెట్టా చూసినావు? తెర తీసినారా ఏంది?"

"లేదు," అన్నాడు సమాధానం. "తియ్యలా."